తొందర పెట్టని మాట

కొన్ని ఇళ్లలో పార్కిన్సన్స్ జబ్బు మొదట బయటపడేది కిరాణా చీటీ మీద. ముప్ఫై ఏళ్లు బడిలో బ్లాక్‌బోర్డు మీద గుండ్రంగా రాసిన సారు ఇంట్లో కూర్చుని కందిపప్పు, చింతపండు, ఎల్లిపాయ అని రాస్తుంటే మొదటి మాట మామూలుగానే పడుతుంది. రెండో మాటకు అక్షరం కొంచెం తగ్గుతుంది. చీటీ కిందికి వచ్చేసరికి ఏది సున్నానో, ఏది వత్తో పోల్చుకోవడం కష్టం. "ఏం రాసినవ్, చీమల బారు లెక్కున్నది" అంటుంది ఇంటావిడ. చూపు మందగించిందేమోనని కొత్త అద్దాలు చేయిస్తారు. అద్దాలు మారతాయి, అక్షరం మారదు.

వైద్యులు దీన్ని మైక్రోగ్రాఫియా అంటారు. రాత చిన్నబోవడం అన్నమాట. చిన్నబోవడం అంటే మనసు నొచ్చుకోవడం అని కూడా తెలుగులో అర్థం ఉంది. ఈ జబ్బులో ఆ రెండూ కలిసే వస్తాయి. మన లిపిలో ఈ ఇబ్బంది మరీ తొందరగా కంటపడుతుంది. తెలుగు అక్షరాలన్నీ దాదాపు గుండ్రాలే. వ, ప, మ, య ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు. చిన్న మలుపు, చిన్న కొమ్ము తేడాతోనే వేరుపడతాయి. పైన తలకట్టో గుడో ఉంటుంది, కింద వత్తు ఉంటుంది. గుండ్రం సగానికి తగ్గితే ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతాయి. రాసినవాళ్లే మర్నాడు చదువుకోలేని పరిస్థితి వస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే తర్వాతి విషయాలు సులువుగా అర్థమవుతాయి. మెదడు అడుగుభాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న నల్లటి ప్రాంతం ఉంటుంది. డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు అక్కడ నెమ్మదిగా చనిపోతూ వస్తాయి. చేతికీ కాలికీ లక్షణాలు కనిపించే నాటికి వాటిలో సుమారు సగమో, అంతకంటే ఎక్కువో పోయి ఉంటాయి. ఆ డోపమైన్ మీద ఆధారపడి పనిచేసే బేసల్ గాంగ్లియా అనే భాగం మనకు అలవాటైపోయిన కదలికలను నడిపిస్తుంది. సిరిసిల్లలో మరమగ్గం మీద తెగిన పోగును ముడేసే వేళ్లు, అన్నం కలిపే చెయ్యి, చదువుకున్నవాళ్ల చేతిరాత, ఇవన్నీ ఆలోచించకుండానే జరిగిపోయే పనులు. ఒక్కో కదలిక ఎంత పెద్దగా ఉండాలో లెక్క చూడటంలో ఆ భాగానిదే ముఖ్యమైన పాత్ర. డోపమైన్ తగ్గినకొద్దీ లెక్క తప్పుతుంది. చెయ్యి సగమే కదులుతుంది. మెదడుకు మాత్రం పూర్తిగా కదిలినట్టే అనిపిస్తుంది.

గొంతుకూ ఇదే జరుగుతుంది. తాను మామూలుగానే మాట్లాడుతున్నానని జబ్బున్న మనిషి అనుకుంటాడు, పక్క మంచం మీది మనిషికి కూడా వినపడదు. ముఖానికీ అంతే. నవ్వు లోపల పుడుతుంది, పెదవుల దాకా రాదు. రెప్పలు కొట్టడం తగ్గుతుంది. పెండ్లికి పోతే "బావ ఎందుకో గుర్రుగ ఉన్నడు" అని చెవులు కొరుక్కుంటారు. మనిషి మనసును పక్కవాళ్లు చదివేది మాట వల్ల, ముఖం వల్ల, రాత వల్ల. ఈ జబ్బు ఆ మూడింటినీ ఒకేసారి కుదించేస్తుంది. లోపలి మనిషి ఎప్పటిలాగే ఉన్నా బయటికి కనిపించడం మానేస్తాడు. పార్కిన్సన్స్‌తో వచ్చే ఒంటరితనం గురించి మాట్లాడేటప్పుడు మొదట గమనించాల్సింది దీన్నే. వణుకును అందరూ చూస్తారు, ఈ కనుమరుగును చూసేవాళ్లు తక్కువ.

వణుకు సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే గందరగోళం ఎక్కువగా అక్కడే ఉంది. ఇది చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు వచ్చే వణుకు. బొటనవేలు చూపుడువేలి మీద రాసుకుంటూ తిరుగుతుంది. పాతకాలపు వైద్యులు చేత్తో మాత్రలు చుట్టేవాళ్లు కాబట్టి వైద్య పుస్తకాల్లో దీన్ని మాత్ర చుట్టే వణుకు అని రాశారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎవరికి చూపించినా "బీడీ చుట్టినట్టు చేస్తున్నది చెయ్యి" అంటారు, ఆ పోలికే సరిగ్గా సరిపోతుంది. గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాపితే ఈ వణుకు చాలావరకు తగ్గుతుంది. గ్లాసు పట్టుకున్నప్పుడే వణికి నీళ్లు ఒలికిపోతుంటే, రాత పెద్దగా వంకరటింకరగా వస్తుంటే అది ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే జబ్బు కావచ్చు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో కొందరికి అసలు వణుకే ఉండదు. కదలిక నెమ్మదించడం, ఒళ్లు బిగుసుకోవడం మాత్రమే ఉంటాయి. ఊళ్లల్లో దీన్ని ముసలితనం ఖాతాలో వేస్తారు, లేదంటే పక్షవాతమని భయపడతారు. రెండూ కాదు.

1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు ఆరుగురి గురించి రాసిన చిన్న పుస్తకంతో ఆధునిక వైద్యంలో ఈ జబ్బుకు గుర్తింపు మొదలైంది. ఆ ఆరుగురిలో కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా చూశాడంతే. మన ఆయుర్వేదంలో కంపవాతం అన్న పేరు అంతకు చాలాముందు నుంచే ఉంది. 2019 నాటికి ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

రాత చిన్నబోవడం ఎంత దూరం పోతుందో బ్యాంకు కౌంటర్ దగ్గర తెలుస్తుంది. ఇరవై ఏళ్ల కిందట ఇచ్చిన సంతకం నమూనాలో పేరు విశాలంగా, చివర ఒక సాగదీసిన గీతతో ఉంటుంది. ఇప్పుడు చెక్కు మీద పడేది నలిగిన దారప్పోగు లాంటి సంతకం. "సంతకం కలుస్తలేదు, మళ్లొకసారి పెట్టండి" అంటారు. వెనక క్యూ ఉంటుంది. చూసేవాళ్లు ఉన్నారన్న టెన్షన్‌కు వణుకు ఇంకా పెరుగుతుంది, రెండో సంతకం మొదటిదానికంటే చిన్నగా వస్తుంది. చివరికి "వేలిముద్ర వేయండి" అన్న మాట వస్తుంది. చదువు కోసం పదేళ్ల వయసులో ఊరు దాటి నడిచిపోయిన తరం అది. నిశానీ వేసే బతుకు మనకొద్దని పిల్లలకు చెప్పి చదివించిన మనుషులు వాళ్లు. స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు పెట్టేటప్పుడు వాళ్లకు కలిగే బాధను కౌంటర్ అవతలి మనిషి ఊహించలేడు.

దీనికి దారులు లేకపోలేదు. కొత్త సంతకం నమూనా ఇచ్చి పాతదాన్ని మార్పించుకోవచ్చు. అసలు సంతకమే పెట్టలేని వృద్ధులు, రోగుల విషయంలో ఏం చేయాలో రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాల్లోనే ఉంది. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షుల సమక్షంలో వేలిముద్ర తీసుకోవాలి, ఆ ఇద్దరిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. పెన్షన్‌దారులు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రం జీవన్ ప్రమాణ్‌కు 2021 నుంచి ముఖం గుర్తింపు పద్ధతి కూడా వచ్చింది కాబట్టి వేలిముద్ర యంత్రం మీద వణికే వేలిని నొక్కిపట్టే అవస్థ తప్పుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను పేరు పెట్టి మరీ తన జాబితాలో చేర్చింది. ఈ నాలుగు విషయాలూ తెలియక తిరిగేవాళ్లు ఎందరో. తెలిసినవాళ్లకు కూడా చాలాసార్లు దవాఖానలోనో ఆఫీసులోనో ఎవరూ చెప్పి ఉండరు, ఇదే జబ్బున్న ఇంకొకరు ఫోన్‌లో చెప్పి ఉంటారు. వాట్సాప్ గ్రూపుల్లో, ఫోన్ తెర మీద అల్లుకున్న చిన్న చిన్న స్నేహాల్లో ఈ జబ్బున్నవాళ్లకు ఏం దొరుకుతోందన్న ప్రశ్న ఇక్కడి నుంచే మొదలవుతుంది.

పార్కిన్సన్స్ మనిషిని నెమ్మది చేస్తుంది. చొక్కా గుండీలకు పావుగంట పడుతుంది, మాట మొదలుపెట్టడానికే కొన్ని క్షణాలు పడతాయి. చుట్టూ ఉన్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, కానీ వాళ్లకు పనులుంటాయి. వాక్యం సగంలో ఉండగానే మిగతా సగం వాళ్లే పూర్తిచేస్తారు. "నీళ్లు కావాల్నా? ఫ్యాన్ బంద్ చేయాల్నా?" అని వరసగా అడుగుతారు. చెప్పాలనుకున్నది ఆ రెండూ కాకపోయినా ఆయన తల ఊపి ఊరుకుంటాడు. ఇలా పదిసార్లు జరిగాక మాట్లాడటమే తగ్గించుకుంటాడు. రాసి పంపే మాటకు ఈ బాధ లేదు. మూడు వాక్యాలు రాయడానికి నలభై నిమిషాలు పట్టినా చదివేవాళ్లకు కనిపించేది మూడు వాక్యాలే. అందులో వణుకు లేదు, బిగిసిన ముఖం లేదు, తగ్గిన గొంతు లేదు. మధ్యలో ఎవరూ అందుకోరు. జబ్బు మింగేసిన ఆ పాత మనిషి, మాటకారి, హాస్యం తెలిసిన మనిషి అక్కడ పూర్తిగా కనిపిస్తాడు. రాతలో దొరికే ఊరట గురించి చాలా చెబుతారు గాని, పార్కిన్సన్స్ విషయంలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. రాత తొందర పెట్టదు.

మనసులోది రాసుకోవడం వల్ల మేలు జరుగుతుందా అన్నది పరిశోధకులు కూడా చూశారు. అమెరికాలో జేమ్స్ పెన్నబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు విద్యార్థులను వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమను బాగా కలచివేసిన అనుభవాల గురించి రాయమన్నారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వైద్యం కోసం వెళ్లడం మిగతావాళ్లకంటే తగ్గింది. ఆ తర్వాత చాలా అధ్యయనాలు వచ్చాయి. వాటన్నిటినీ కలిపి చూస్తే ప్రయోజనం ఉంది గాని చిన్నది, అందరికీ ఒకేలా ఉండదు. రాత వల్ల డోపమైన్ కణాలు తిరిగి రావు. జబ్బు ఆగదు. ఈ సంగతి స్పష్టంగా తెలిసి రాసుకుంటేనే మంచిది, లేకపోతే నిరాశ మిగులుతుంది.

పార్కిన్సన్స్‌లో దిగులు కేవలం జబ్బు వచ్చిందన్న బాధ వల్ల వచ్చేది కాదు. జబ్బులోనే అదొక భాగం. డోపమైన్‌తో పాటు మూడ్‌ను నడిపించే ఇతర రసాయనాలు కూడా దెబ్బతింటాయి. కొందరిలో చేతి వణుకుకు కొన్నేళ్ల ముందే దిగులు, మలబద్ధకం, వాసన తెలియకపోవడం, నిద్రలో కలవరించి చేతులు విసరడం మొదలవుతాయి. అందుకే "ధైర్యంగ ఉండాలె" అన్న సలహా ఎంత ప్రేమతో చెప్పినా పని చేయదు. అది డాక్టర్‌కు చెప్పి మందు తీసుకోవాల్సిన లక్షణం. చిక్కెక్కడంటే, "మీకు డిప్రెషన్ ఉందా" అని అడిగితే మన పెద్దవాళ్లు లేదనే చెబుతారు. అదేదో పిచ్చి అన్న భయం. అదే మనిషిని "ఏమన్న రంది పెట్టుకున్నవా" అని అడిగితే గంటసేపు చెబుతాడు. రంది, మనాది, గోస, పరేషాన్ ఒకటి కాదు. రంది రోజూ మెదిలే బెంగ. మనాది మనిషిని లోపల్లోపల తినేసేది. గోస బయటికి వచ్చే ఏడుపు. ఇన్ని తేడాలు చూపించగల మాటలు దగ్గరుండగా, ఫారంలో ఉన్న ఒకే మాట దగ్గర నోరు మూసుకోవాల్సి వస్తోంది. మన బతుకును మన నోటి మాటల్లోనే రాయాలని జీవితమంతా పట్టుబట్టిన కవి కాళోజీ నారాయణరావు హనుమకొండలోనే ఉండేవారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. జబ్బు గురించి రాసుకునేటప్పుడు ఆ పట్టుదల అక్కరకొస్తుంది. గ్రాంథికంగా, పేపర్ భాషలో రాయాలని కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే చెయ్యి ఆగుతుంది. ఇంట్లో మాట్లాడినట్టు రాస్తే ముచ్చట సాగుతుంది.

రాతకు ఇంకో ఉపయోగం ఉంది, మనసుతో సంబంధం లేనిది. వరంగల్ నుంచి హైదరాబాద్ దగ్గర దగ్గర 140 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. పార్కిన్సన్స్ మీద ప్రత్యేకంగా పనిచేసే న్యూరాలజిస్ట్‌ను చూడాలంటే చాలామంది పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి నిమ్స్‌కో, ఇంకో పెద్ద దవాఖానకో పోవాల్సిందే. ప్రయాణంలో గోలీల వేళలు తప్పుతాయి. లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నమవుతుంది. డాక్టర్ చూసే పది నిమిషాల్లో మనిషి ఎలా ఉన్నాడో అదే మూడు నెలల లెక్కగా నమోదవుతుంది. ఇంటి దగ్గర రోజూ ఏం జరుగుతోందో చెప్పాలంటే రాసి పెట్టుకున్న కాగితం తప్ప ఇంకో దారి లేదు.

లెవోడోపా అనే మందు 1970 ప్రాంతం నుంచి ఈ జబ్బుకు ప్రధానమైన ఆసరా. మొదటి ఏళ్లలో రోజంతా ఒకేలా పనిచేస్తుంది. తర్వాత్తర్వాత గోలి వేసుకున్న కొంతసేపటికి ఒళ్లు వదులై, మూడు నాలుగు గంటలకే మళ్లీ బిగుసుకోవడం మొదలవుతుంది. మందు పట్టిన సమయాన్ని ఆన్ అని, దిగిన సమయాన్ని ఆఫ్ అని అంటారు. మోతాదు ఎక్కువైన వేళ ఒళ్లు తనంతట తానే మెలికలు తిరుగుతుంది. డాక్టర్లు అడిగేది ఈ మూడింటి పట్టికనే. అరగంటకొక గడి గీసి నింపే డైరీలు కూడా ఉన్నాయి. ఇంట్లో రాసుకునేది అంత పద్ధతిగా లేకపోయినా పర్వాలేదు. ఒక మామూలు నోటుబుక్కులో ఒక పేజీ ఇలా ఉండొచ్చు:

"పొద్దున 6 గంటలకు గోలి. 6:40కి కాళ్లు కదిలినయ్, వాకిలి దాకా నడిచిన. 9:30కి ఎడమ చెయ్యి బిగిసింది. 10కి రెండో గోలి, 10:45కి మంచిగైంది. ఒంటిగంటకు పప్పన్నం, గుడ్డు. 2 గంటలకు మూడో గోలి. 3:30 అయినా పట్టలె. 4 దాక కుర్చీల నుంచి లేవలె."

ఈ ఏడెనిమిది వాక్యాల్లో డాక్టర్‌కు కావాల్సింది ఉంది. పప్పు, గుడ్డు లాంటి మాంసకృత్తులు పేగుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి పోయే దారిలో లెవోడోపాతో పోటీ పడతాయి. భోజనం దగ్గరదగ్గరగా పడిన గోలి ఆలస్యంగా పట్టడం, ఒక్కోసారి పట్టకపోవడం అందుకే. ఇది చూసిన డాక్టర్ గోలి వేళను భోజనానికి ముందుకు జరపొచ్చు, మోతాదు పెంచాల్సిన అవసరమే రాకపోవచ్చు. ఆ రోజు మొత్తాన్ని "మధ్యాహ్నం బాగుంటలేదు సార్" అని నోటితో చెబితే ఇందులో సగం కూడా తేలదు.

ఇదే పేజీని ఫోన్‌లో ఫొటో తీసి గ్రూపులో పెడితే ఇంకో రకం జవాబులు వస్తాయి. "నాకూ ఇంతే, నేను గంట ముందు ఏస్కుంటున్న, మీ డాక్టర్‌ను అడుగుండ్రి" అని గోదావరిఖని నుంచి సింగరేణిలో రిటైరైన ఒకరు రాయొచ్చు. జగిత్యాలలో తండ్రి ఉంటే దుబాయ్‌లో కొడుకు ఉంటాడు, ఆ కొడుకు గ్రూపులో తండ్రి రాసింది చూస్తాడు. వీడియో కాల్‌లో అడిగితే "బానే ఉన్న బిడ్డా" అనే తండ్రి, ఇక్కడ ముక్కూమొహం తెలియని మనుషుల ముందు రాత్రి మంచం మీద పక్కకు తిరగలేకపోతున్నానని రాశాడు. గల్ఫ్ ఇళ్లకు ఇది కొత్తేమీ కాదు, ఉత్తరాల కాలంలో కూడా ఎదురుగా చెప్పలేనివే కాగితం మీదికి వచ్చేవి.

గ్రూపుల్లో తిరిగే చిట్కాల్లో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఈ జబ్బు ముదిరినకొద్దీ నడుస్తూ నడుస్తూ కాళ్లు ఉన్నట్టుండి నేలకు అతుక్కుపోతాయి. ఎక్కువగా గడప దగ్గర, ఇరుకు దారిలో, మలుపులో ఇలా జరుగుతుంది. పక్కవాళ్లు చెయ్యి పట్టి లాగితే పడిపోతారు. నేల మీద అడుగుకొకటి చొప్పున అడ్డంగా రంగు టేపు అంటించినా, ముగ్గుపిండితో గీతలు గీసినా ఒక్కో గీతను దాటుతున్నట్టు కాలు లేస్తుంది. కొందరికి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటే కాలు కదులుతుంది. ఇదేం మాయ కాదు. తనంతట తాను నడిపించే దారి పాడైనప్పుడు, కంటితో చూసి మనసుపెట్టి చేసే దారి మెదడులో ఇంకా బాగానే ఉంటుంది. గీత మనిషిని ఆ రెండో దారిలోకి మళ్లిస్తుంది.

రాతకూ అదే సూత్రం. తెల్ల కాగితం మీద చిన్నబోయే అక్షరం, రెండు గీతల కాపీ బుక్కులో పై గీత, కింది గీత తగిలేట్టు రాయమంటే పెద్దదవుతుంది. ఒకటో తరగతి పిల్లలు కొనే పుస్తకమే. ఒక్కో అక్షరాన్నీ "పెద్దగా" అని మనసులో అనుకుంటూ రాయాలి. ఇంకొకరితో మాట్లాడుతూనో, టీవీ చూస్తూనో రాస్తే మనసు అటు పోయి రాత మళ్లీ కుంచించుకుపోతుంది. మందు పట్టిన ఆన్ వేళలో రాస్తే చెయ్యి వింటుంది. రోజుకు ఒక పేజీ చాలు. డెబ్బై ఏళ్ల మనిషి ఓనమాల పుస్తకం కొనడానికి సిగ్గుపడితే మనవరాలి పేరు చెప్పి తెప్పించుకోవచ్చు. ఆ పేజీని ఫొటో తీసి రోజూ పంపుకునే ఇద్దరు ముగ్గురు దొరికితే ఒక నెల పాటు మానకుండా సాగుతుంది, ఒక్కళ్లే అయితే నాలుగో రోజుకు ఆగిపోతుంది.

ఇంత మేలు చేసే చోటే ముప్పు కూడా ఉంది, దాన్ని మెత్తగా చెప్పి వదిలేయడం సరికాదు. ఒకరి మందుల చీటీ ఇంకొకరికి పనికిరాదు. వాంతులకు సాధారణంగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి వాడే సిన్నారిజిన్, ఫ్లునారిజిన్ పార్కిన్సన్స్ లక్షణాలను పెంచుతాయి. మామూలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఇలాంటి హెచ్చరిక గ్రూపులో తిరిగితే మంచిదే. అదే గ్రూపులో "ఈ పొడి వాడితే గోలీలు బంద్ చేయొచ్చు" అన్న ఫార్వర్డ్ కూడా తిరుగుతుంది. దూలగొండి గింజల్లో లెవోడోపా సహజంగానే ఉన్న మాట నిజం. కానీ ఏ పొడిలో ఎంత ఉందో కొలత ఉండదు, వాడుతున్న గోలీలకు తోడైతే ఒళ్లు మెలికలు తిరగడం, బీపీ పడిపోవడం, లేనివి కనిపించడం దాకా పోతుంది. ఇక లెవోడోపాను ఒక్కసారిగా ఆపేస్తే విపరీతమైన జ్వరం, ఒళ్లు కొయ్యబారడంతో ప్రాణం మీదికే రావచ్చు. గ్రూపు నడిపేవాళ్లు వేరే ఏ నియమం పెట్టకపోయినా ఈ ఒక్కటి పెట్టాలి: మందు ఆపమని, మార్చమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు.

దీనికి ఎదురుగా, డాక్టర్ గదిలో నోరు పెగలని విషయం ఒకటి గ్రూపుల్లో బయటపడుతుంది. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు వాడేవాళ్లలో కొందరికి పేకాట, ఆన్‌లైన్ కొనుగోళ్లు, తిండి, లైంగిక కోరిక అదుపు తప్పుతాయి. జీవితంలో ముక్క ముట్టని మనిషి ఫోన్‌లో రమ్మీ ఆడి పెన్షన్ పోగొడతాడు. ఇంట్లో వాళ్లు బుద్ధి చెడిందనుకుంటారు, ఆయన కూడా అలాగే అనుకుని సిగ్గుతో దాచుకుంటాడు. అది మందు వల్ల వచ్చింది, డాక్టర్‌కు చెబితే మారుస్తారు అని ఇదే అనుభవించిన మనిషి రాసిన నాలుగు లైన్లు ఒక సంసారాన్ని కాపాడతాయి. ఇదే కోవలో ఒక మంచి విషయం కూడా వైద్య సాహిత్యంలో ఉంది. డోపమైన్ మందులు మొదలయ్యాక కొందరిలో బొమ్మలు వేయాలని, కవిత్వం రాయాలని కొత్త ఉత్సాహం పుడుతుంది.

కొత్తగా జబ్బు తేలినవాళ్లకు గ్రూపు భయం కూడా పుట్టిస్తుంది. ఇరవై ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషి వీడియో చూసి, రేపు నేనూ ఇంతేనా అని నిద్ర మానుకునేవాళ్లు ఉంటారు. ఈ జబ్బు ఒక్కొక్కరిలో ఒక్కో వేగంతో పోతుంది, ఒకరి దారి ఇంకొకరికి జోస్యం కాదు. ఒకరు పోయినప్పుడు వరసపెట్టి వచ్చే "ఓం శాంతి" మెసేజ్‌ల రోజు కూడా కష్టమైనదే. అలాంటప్పుడు కొన్నాళ్లు గ్రూపును మ్యూట్‌లో పెట్టుకోవడం తప్పు కాదు.

చదువు రానివాళ్ల మాటేమిటన్న ప్రశ్న తప్పించుకోలేనిది. ఉత్తర తెలంగాణలో అరవై దాటిన ఆడవాళ్లలో ఎందరో బీడీలు చేసి పిల్లలను పెంచారు, పలక పట్టలేదు. వాళ్ల ఫోన్ కూడా చాలాసార్లు కొడుకుదో మనవడిదో. వాళ్లకు వాయిస్ మెసేజ్ ఉంది గాని తగ్గిన గొంతు అక్కడ అడ్డొస్తుంది. తెలుగులో మాట్లాడితే టైప్ అయ్యే సౌకర్యాన్ని గూగుల్ 2017లో తెచ్చింది. అది కూడా గట్టిగా, విడివిడిగా పలికితేనే సరిగా పడుతుంది. అలా గట్టిగా పలకాల్సి రావడం మంచిదే. స్పీచ్ థెరపిస్టులు ఈ జబ్బుకు చేయించేది కూడా ప్రధానంగా గొంతు పెంచి మాట్లాడే సాధనే. వేళ్లతో టైప్ చేసేవాళ్లకు ఒకే అక్షరం నాలుగుసార్లు పడే బాధ ఉంటుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అన్న చోట తాకే సమయాన్ని పెంచుకుంటే అది తగ్గుతుంది. ఇది పిల్లలు ఐదు నిమిషాల్లో చేసి పెట్టగల పని.

గ్రూపుల్లో రాసేవాళ్లలో జబ్బున్నవాళ్లు ఎంతమందో, వాళ్లను చూసుకునేవాళ్లు కూడా అంతమంది ఉంటారు. ఎక్కువగా భార్యలు. "రాత్రి నాలుగుసార్లు లేపిండు, పొద్దున పొలానికి పోవాలె" అని రాసిన ఆమెకు వచ్చే జవాబుల్లో సలహాలు తక్కువగా ఉంటేనే మేలు. "మా ఇంట్ల గిట్లనే అక్కా" అన్న ఒక్క మాట ఆమెకు ఆ పూట గడవడానికి సరిపోతుంది.

నిద్ర పట్టకపోవడం ఈ జబ్బులో మామూలు కాబట్టి ఇలాంటి గ్రూపులు అర్ధరాత్రి కూడా మేలుకునే ఉంటాయి. రెండున్నరకు హనుమకొండలో ఒకరు "ఎవరన్న మేల్కొని ఉన్నరా" అని పెడతారు. మంచిర్యాల నుంచి ఎవరో జవాబు మొదలుపెడతారు. తెర మీద "టైప్ చేస్తున్నారు" అని కనిపిస్తుంది, ఆగిపోతుంది. రెండు నిమిషాల తర్వాత మళ్లీ కనిపిస్తుంది, మళ్లీ ఆగుతుంది. మామూలు మనిషైతే రాయడం మానుకున్నారేమో అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాడు. హనుమకొండలోని ఆ మనిషికి ఆ ఆగడం ఏమిటో తెలుసు. దిండు సరిచేసుకుని తెర వైపు చూస్తూ అలాగే ఉంటాడు.